కనిపెట్టిన గ్రామఫోన్‌నే అమ్ముకోలేకపోయాడు.. టర్న్‌టేబుల్ వెనకున్న ఎమిల్ బెర్లినర్ కథ ఇదీ!

లక్షలు పోసి టర్న్‌టేబుల్ కొంటారు. కొన్నాక ఊరుకుంటారా అంటే.. అస్సలు ఊరుకోరు! ముందు కార్ట్రిడ్జ్ మారుస్తారు. తర్వాత టోన్‌ఆర్మ్ మారుస్తారు. ఆ తర్వాత మోటారు, పవర్ సప్లై, ప్లాటర్ కింద బేరింగ్.. ఇలా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతారు. కొన్నేళ్లకు చూస్తే డబ్బా ఒక్కటే పాతది, లోపలున్నదంతా కొత్తదే. వినైల్ పిచ్చి పట్టినవాళ్ల లోకమే వేరు మరి.

అయితే ఈ అప్‌గ్రేడ్ల పిచ్చి ఇవాళ్టిది కాదు. అసలు రికార్డు ప్లేయర్ పుట్టిన కొత్తలోనే మొదలైంది. ఆ మెషీన్‌ను కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ కూడా దాన్ని ఒక్కరోజులో పూర్తి చేయలేదు. సూది దగ్గర్నుంచి మోటారు దాకా, రికార్డు తయారుచేసే ముడిసరుకు దాకా ఒక్కోటీ మార్చుకుంటూ వచ్చాడు. కొన్ని మార్పులు ఆయన చేసినవి. కొన్ని వేరేవాళ్లు చేసినవి. తీరా మెషీన్ సూపర్ హిట్ అయ్యే టైమ్‌కి.. దాన్ని అమెరికాలో అమ్ముకునే హక్కు ఆయనకే లేకుండా పోయింది.

ఇంతకీ ఎవరీ బెర్లినర్? ఏం జరిగింది? పూర్తి వివరాలు చూద్దాం.

14 ఏళ్లకే చదువు బంద్

ఎమిల్ బెర్లినర్ 1851 మే 20న జర్మనీలోని హానోవర్‌లో పుట్టారు. యూదు కుటుంబం. తండ్రి వ్యాపారి. తల్లికి సంగీతం అంటే ప్రాణం. ఇంటినిండా పిల్లలే. 14 ఏళ్లకే ఎమిల్ చదువు ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన నేర్చుకున్నదంతా పని చేస్తూ నేర్చుకున్నదే.

1870లో 19 ఏళ్ల వయసులో ఓడెక్కి అమెరికా వెళ్లిపోయారు. అప్పుడు యూరప్‌లో ప్రష్యాకు, ఫ్రాన్స్‌కు మధ్య యుద్ధ వాతావరణం. అక్కడే ఉంటే సైన్యంలోకి తీసుకెళ్లే పరిస్థితి. వాషింగ్టన్‌లో తెలిసినవాళ్ల బట్టల కొట్టులో గుమస్తాగా చేరారు.

తర్వాత మకాం న్యూయార్క్‌కు మారింది. పగలు ఏదో ఒక పని, రాత్రిళ్లు కూపర్ యూనియన్‌లో క్లాసులు. ఒక కెమిస్ట్ ల్యాబ్‌లో సీసాలు కడిగే పని కూడా చేశారు. ఆ కెమిస్ట్ మామూలోడు కాదు.. తర్వాత శాకరిన్ కనిపెట్టిన కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్! కుర్రాడికి ప్రయోగాల మీద ఆసక్తి ఆ ల్యాబ్‌లోనే పెరిగింది.

అద్దె గదిలో మైక్రోఫోన్

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోన్ ప్రపంచానికి పరిచయమైంది. కానీ అందులో ఓ పెద్ద లోపం ఉంది. అవతలివాళ్ల మాట చాలా సన్నగా వినిపించేది. దూరం పెరిగితే అదీ ఉండేది కాదు.

అప్పటికి బెర్లినర్ మళ్లీ వాషింగ్టన్ వచ్చేశారు. కొట్టులో పని అయిపోయాక అద్దె గదిలో కూర్చుని టెలిఫోన్ మీద పడ్డారు. సబ్బులు ప్యాక్ చేసే చెక్క పెట్టెతో, చిన్న చిన్న ఇనుప ముక్కలతో ప్రయోగాలు చేశారు. రెండు లోహపు ముక్కలు ఒకదానికొకటి వదులుగా తగిలి ఉన్నప్పుడు, మాట తాలూకు ఒత్తిడికి కరెంటు ఎక్కువ తక్కువలవుతోందని గుర్తించారు. అంటే మాటను మరింత బలంగా పంపొచ్చన్నమాట. 1877లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు.

మరుసటి ఏడాది బెల్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుని, ఆయన్నే ఉద్యోగంలో పెట్టుకుంది. నిన్నటిదాకా బట్టల కొట్టు గుమస్తా.. ఇప్పుడు టెలిఫోన్ ఇంజినీర్! ఆ పేటెంట్ మీద మాత్రం కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. కోర్టులకూ బెర్లినర్‌కూ బంధం అప్పుడే మొదలైంది. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది.

సిలిండర్ కాదు.. పళ్లెం!

1877 నాటికి థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారైంది. గొంతును రికార్డు చేసి మళ్లీ వినిపించిన మొదటి మెషీన్ అదే. కాకపోతే అది గుండ్రటి సిలిండర్ మీద పనిచేసేది. సూది పైకీ కిందికీ కదులుతూ గీత గీసేది. గీత లోతును బట్టి శబ్దం.

చిక్కేంటంటే, ఒక సిలిండర్‌ను చూసి వెయ్యి సిలిండర్లు తయారుచేయడం అప్పట్లో మహా కష్టం. ఎక్కువ కాపీలు కావాలంటే గాయకుడు అదే పాటను మళ్లీ మళ్లీ పాడాల్సి వచ్చేది.

బెర్లినర్ ఇక్కడే దారి మార్చారు. సిలిండర్ బదులు పళ్లెం లాంటి డిస్క్ తీసుకున్నారు. సూదిని పైకీ కిందికీ కాకుండా పక్కలకు కదిలేలా చేశారు. జింక్ పళ్లెం మీద పల్చగా మైనం లాంటి పూత పూస్తారు. పాడుతుంటే సూది ఆ పూతను గీసుకుంటూ పోతుంది. తర్వాత పళ్లేన్ని యాసిడ్‌లో ముంచితే పూత పోయినచోట లోహం తినేసి గాడి పడుతుంది. ఆ పళ్లెం నుంచి అచ్చు తీస్తే చాలు.. ఇడ్లీ ప్లేటులో ఇడ్లీలు వేసినట్టు ఎన్ని కావాలంటే అన్ని రికార్డులు!

1887లో దీనికి పేటెంట్ వచ్చింది. పేరు గ్రామఫోన్. 1888 మే 16న ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో అందరి ముందూ వినిపించారు.

ఇందులో ఇంకో తెలివైన సంగతి కూడా ఉంది. ఫోనోగ్రాఫ్‌లో సూదిని ముందుకు జరపడానికి మరలున్న ప్రత్యేక ఏర్పాటు ఉండేది. గ్రామఫోన్‌కు అది అక్కర్లేదు. రికార్డు మీదున్న గాడే సూదిని పట్టుకుని అంచు నుంచి మధ్యకు తీసుకెళ్తుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మొదట ఆటబొమ్మ

ఇంత గొప్ప ఐడియా మార్కెట్లోకి ఎలా వచ్చిందో తెలుసా? పిల్లల ఆటబొమ్మగా! 1890 ప్రాంతంలో జర్మనీలోని ఓ బొమ్మల కంపెనీ చిన్న గ్రామఫోన్లు తయారుచేసి అమ్మింది. 5 అంగుళాల రికార్డులు, చేత్తో తిప్పే పిడి. అంతే.

1894లో బెర్లినర్ అమెరికాలో 7 అంగుళాల రికార్డులు అమ్మడం మొదలుపెట్టారు. ఒక్కో దాని మీద సుమారు రెండు నిమిషాల పాట. కానీ జనం పెద్దగా ఎగబడలేదు. కారణం సింపుల్. మెషీన్‌లో లోపాలు అన్నీ ఇన్నీ కావు.

ముందుగా పిడి గొడవ. రికార్డు నిమిషానికి దాదాపు 70 చుట్లు తిరగాలి. తిప్పేది మనిషి చెయ్యి. కాస్త జోరుగా తిప్పితే గాయకుడి గొంతు కీచుగా మారేది. చెయ్యి నొప్పెట్టి నెమ్మదిస్తే బొంగురు పోయేది. పాట వినాలా, పిడి తిప్పాలా? రెండూ ఒక్కడే చేయాలంటే ఎట్లా?

తర్వాత రికార్డు గొడవ. మొదట్లో గట్టి రబ్బరుతో చేసేవాళ్లు. అచ్చు ఒత్తినప్పుడు అక్కడక్కడా గాడి సరిగ్గా పడేది కాదు. పాట మధ్యలో తేడా కొట్టేది.

అంటే ఐడియా కరెక్టే. పార్టులే సరిగ్గా లేవు. మరి బెర్లినర్ ఏం చేశారు? మొత్తం పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టలేదు. ఒక్కో పార్టూ మార్చడం మొదలుపెట్టారు.

అప్‌గ్రేడ్ నంబర్ 1: రబ్బరు పోయి లక్క వచ్చింది

అమెరికాలోని న్యూవార్క్‌లో డ్యూరనాయిడ్ అనే కంపెనీ ఉండేది. అక్కడ గుండీల్లాంటివి తయారుచేసేవాళ్లు. వాళ్లు వాడే మిశ్రమంలో షెల్లాక్ ఉండేది. వేడి చేస్తే మెత్తబడుతుంది, అచ్చులో ఒత్తితే గాడి శుభ్రంగా దిగుతుంది, చల్లారితే రాయిలా గట్టిపడుతుంది. రికార్డులకు ఇంతకంటే ఏం కావాలి? రబ్బరును వదిలేసి షెల్లాక్ పట్టుకున్నారు.

షెల్లాక్ అంటే ఏంటో అనుకునేరు.. మన లక్కే! గాజులకు, బొమ్మలకు, సీలు వేయడానికి వాడే ఆ లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురు నుంచి తీస్తారు. ప్రపంచానికి దీన్ని ఎక్కువగా పంపింది మన దేశమే. వినైల్ వచ్చేదాకా అర్ధ శతాబ్దం పాటు ప్రపంచంలో మోగిన రికార్డుల్లో చాలావాటికి ముడిసరుకు ఇదే. మన తాతల ఇళ్లలో కిందపడితే పెంకులా పగిలిపోయిన పాత రికార్డులు గుర్తున్నాయా? అవే ఇవి.

అప్‌గ్రేడ్ నంబర్ 2: పిడి పోయి స్ప్రింగ్ మోటారు వచ్చింది

ఇదే అసలు గేమ్ ఛేంజర్. ఫిలడెల్ఫియాకు నది అవతల కామ్డెన్ అనే ఊళ్లో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ అనే మెకానిక్‌కు చిన్న మెషీన్ షాపు ఉండేది. బెర్లినర్ మనుషుల ద్వారా చేత్తో తిప్పే గ్రామఫోన్ ఆయన దగ్గరికి వెళ్లింది. దానికి స్ప్రింగ్ మోటారు పెట్టాలన్నది పని. ముందు కీ ఇస్తే, పాట అయ్యేదాకా దానంతటదే తిరగాలి. స్పీడు మారకూడదు. ధర కూడా జనానికి అందుబాటులో ఉండాలి.

1896లో జాన్సన్ ఆ పని చేసి చూపించారు. స్ప్రింగ్ బిగువు తగ్గుతున్నా స్పీడు ఒకేలా ఉంచడానికి గవర్నర్ అనే ఏర్పాటు ఉంటుంది. గుండ్రంగా తిరిగే చిన్న బరువులు స్పీడు పెరిగితే బయటికి జరిగి బ్రేకు వేస్తాయి, తగ్గితే వదులుతాయి. ఇవాళ హై ఎండ్ టర్న్‌టేబుల్ యజమానులు మోటారు స్పీడు కచ్చితంగా ఉండాలని వేలకు వేలు పోసి పవర్ సప్లై అప్‌గ్రేడ్ చేయిస్తారే.. దానికి ముత్తాత ఇదే అనుకోవచ్చు.

అప్‌గ్రేడ్ నంబర్ 3: కొత్త సౌండ్ బాక్స్

జాన్సన్ అక్కడితో ఆగలేదు. ఆల్‌ఫ్రెడ్ క్లార్క్ అనే ఆయనతో కలిసి సౌండ్ బాక్స్‌ను మెరుగుపరిచారు. సౌండ్ బాక్స్ అంటే సూది, దాని వెనక పల్చటి రేకు ఉండే గుండ్రటి డబ్బా. సూది కదలికను శబ్దంగా మార్చేది అదే. ఇప్పటి కార్ట్రిడ్జ్ చేసే పనే అనుకోండి. తేడా ఏంటంటే కార్ట్రిడ్జ్ ఆ కదలికను కరెంటుగా మారుస్తుంది. ఆంప్లిఫైయర్ దాన్ని పెంచుతుంది. అప్పట్లో కరెంటు లేదు, ఉన్నదల్లా హారన్.

ఈ మార్పులతో గ్రామఫోన్ రూపురేఖలే మారిపోయాయి. ఆటబొమ్మ కాస్తా ఇంట్లో పెట్టుకునే వస్తువైంది. అమ్మకాలు ఊపందుకున్నాయి. 1898లో హానోవర్‌లో తమ్ముడు జోసెఫ్‌తో కలిసి డాయిష్ గ్రామఫోన్ కంపెనీ పెట్టారు. లండన్‌లో గ్రామఫోన్ కంపెనీ అప్పటికే నడుస్తోంది. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా..

సీన్ రివర్స్.. అమ్మేవాడే అడ్డం తిరిగాడు

అమెరికాలో గ్రామఫోన్లు అమ్మే బాధ్యతను ఫ్రాంక్ సీమన్ అనే వ్యాపారికి అప్పగించారు బెర్లినర్. కాంట్రాక్టు ప్రకారం ఆయన ద్వారానే అమ్మాలి. సీమన్ యాడ్స్ ఇవ్వడంలో దిట్ట. వ్యాపారం పెరిగింది. దాంతోపాటే డబ్బుల దగ్గర తగాదా కూడా పెరిగింది. చివరికి సీమన్ సొంతంగా జోనోఫోన్ అనే పోటీ మెషీన్ తెచ్చాడు.

ఇదే టైమ్‌లో పోటీ కంపెనీ అమెరికన్ గ్రాఫోఫోన్ తమ పేటెంట్ వాడుకుంటున్నారంటూ సీమన్ మీద కేసు వేసింది. సీమన్ పోరాడలేదు. గ్రామఫోన్ వాళ్ల పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందని ఒప్పేసుకుని, వాళ్లతోనే చేతులు కలిపాడు! అది చాలదన్నట్టు పాత కాంట్రాక్టు చూపించి బెర్లినర్ మీద కోర్టుకెక్కాడు. 1900 జూన్‌లో కోర్టు ఆర్డర్ వచ్చింది. అమెరికాలో సీమన్‌ను కాదని బెర్లినర్ తన గ్రామఫోన్లు అమ్మడానికి వీల్లేదు. సీమన్ ఏమో కొనడం లేదు.

అర్థమైందిగా? కనిపెట్టింది ఆయన. పేటెంట్ ఆయనది. ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఆయనది. అమ్మడానికి మాత్రం దారి లేదు!

కుక్క బొమ్మ కథ

అంతకు ముందే ఇంకో సంగతి జరిగింది. ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు, హారన్ ముందు కూర్చుని చెవి రిక్కించి వింటున్న నిప్పర్ అనే కుక్క బొమ్మ గీశాడు. మొదట అందులో ఉన్నది సిలిండర్ ఫోనోగ్రాఫ్. లండన్ గ్రామఫోన్ కంపెనీ దాన్ని చెరిపేసి గ్రామఫోన్ గీస్తే కొంటామంది. బరాడ్ అలాగే మార్చి ఇచ్చాడు. అంటే ఆ బొమ్మలోని మెషీన్ కూడా అప్‌గ్రేడే! లండన్ వెళ్లిన బెర్లినర్‌కు ఆ బొమ్మ తెగ నచ్చేసింది. 1900 జులైలో అమెరికాలో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించారు. మనవాళ్లకు హెచ్‌ఎంవీ పేరుతో, ఘంటసాల భగవద్గీత రికార్డుతో ఇంటింటికీ తెలిసిన కుక్క బొమ్మ అదే.

కానీ అమెరికాలో ఆ బొమ్మను కూడా ఆయన పెద్దగా వాడుకోలేకపోయారు. మెషీన్లు తయారుచేసి కూర్చున్న జాన్సన్ పరిస్థితి మరీ దారుణం. షాపు నిండా సరుకు, అమ్మే దారి లేదు. దాంతో ఆయన సొంతంగా రంగంలోకి దిగారు. 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీ పుట్టింది. బెర్లినర్ పేటెంట్ హక్కులు, కుక్క బొమ్మ విక్టర్ చేతికి వెళ్లాయి. బెర్లినర్‌కు అందులో వాటా దక్కింది. కానీ నడిపేది జాన్సన్. ఇంకో చేదు నిజం ఏంటంటే.. గ్రామఫోన్ అనే పేరు మన దగ్గర, ఇంగ్లండ్‌లో నిలబడింది గానీ, ఆయన ఉన్న అమెరికాలోనే మెల్లగా మరుగున పడిపోయింది.

బెర్లినర్ కెనడాలోని మాంట్రియల్‌కు వ్యాపారం మార్చారు. అక్కడ కంపెనీ బాగానే నిలదొక్కుకుంది. మాంట్రియల్‌లో ఆయన పేరుతో ఇప్పటికీ ఒక మ్యూజియం ఉంది.

కలకత్తాకు వచ్చిన బెర్లినర్ శిష్యుడు

ఇక్కడే మన దేశంతో లింక్. కుర్రాడిగా ఉన్నప్పుడే బెర్లినర్ దగ్గర చేరిన ఫ్రెడ్ గైస్‌బర్గ్, రికార్డింగ్ పని అక్కడే నేర్చుకున్నాడు. 1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చాడు. అప్పుడు రికార్డు చేసినవాళ్లలో గౌహర్ జాన్ ఒకరు. ఆ రికార్డులు అచ్చయ్యింది ఎక్కడో తెలుసా? బెర్లినర్ సొంతూరు హానోవర్‌లో! 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా ఇదే తంతు. మన లక్క సముద్రం దాటి వెళ్లేది. మన పాటా వెళ్లేది. రెండూ కలిసి రికార్డుగా తిరిగొచ్చేవి.

పాల కోసం పోరాటం

ఇంత దెబ్బ తిన్న మనిషి ఎలా ఉండాలి? మిగతా జీవితమంతా కోర్టుల చుట్టూ తిరుగుతూ, సీమన్‌ను తిట్టుకుంటూ గడపాలి. బెర్లినర్ అలా చేయలేదు.

1900 ప్రాంతంలో ఆయన పసికూతురు ఆలిస్‌కు కడుపు సంబంధిత జబ్బు చేసి ప్రాణం మీదికి వచ్చింది. పాప కోలుకుంది. కానీ పిల్లలకు ఇలాంటి జబ్బులు ఎందుకొస్తున్నాయని తండ్రి ఆరా తీయడం మొదలుపెట్టారు. అప్పట్లో అమెరికా నగరాల్లో పచ్చిపాలు తాగి పసిపిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయేవాళ్లు. పాలు కాచి తాగాలన్నది మన ఇళ్లలో అమ్మమ్మలకు తెలిసిన విషయమే. అక్కడ మాత్రం దానికోసం ఏళ్ల తరబడి ప్రచారం చేయాల్సి వచ్చింది. బెర్లినర్ సొంత డబ్బుతో పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు. సంఘం పెట్టారు. పిల్లలకు శుభ్రత నేర్పడానికి చిన్న చిన్న గేయాలతో పుస్తకం వేశారు. తల్లి సారా పేరుతో మహిళా శాస్త్రవేత్తలకు ఫెలోషిప్ ఏర్పాటు చేశారు.

ప్రయోగాలూ ఆపలేదు. హెలికాప్టర్ల కోసం తేలికైన ఇంజిన్ల మీద పనిచేశారు. 1920ల్లో ఆయన కొడుకు హెన్రీ హెలికాప్టర్‌ను ఎగరేసి చూపించారు. హాళ్లలో శబ్దం స్పష్టంగా వినిపించేలా గోడలకు పెట్టే అకౌస్టిక్ టైల్స్ తయారుచేశారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది.

1929 ఆగస్టు 3న వాషింగ్టన్‌లో బెర్లినర్ కన్నుమూశారు. వయసు 78. అంతకు ఏడాది ముందే భార్య కోరాకు ఓ ఉత్తరం రాసిపెట్టారు. అంత్యక్రియలకు డబ్బు దుబారా చేయొద్దని, చంటిపిల్లలున్న పేద తల్లులకు కొంత ఇవ్వాలని కోరారు. కూతుళ్లు పియానో వాయించాలని అడిగారు. రికార్డు పెట్టమని మాత్రం అడగలేదు!

ఇప్పటికీ మారనిది ఒక్కటే

బెర్లినర్ తర్వాత అన్నీ మారాయి. స్ప్రింగ్ పోయి కరెంటు మోటారు వచ్చింది. 1948లో షెల్లాక్ స్థానంలో వినైల్ ఎల్‌పీ వచ్చింది. నిమిషానికి 78 చుట్లు పోయి 33⅓కి దిగింది. రెండు నిమిషాల పాట ఇరవై నిమిషాలు దాటింది. 1958లో స్టీరియో రికార్డులు వచ్చాయి. అప్పుడు సూది పక్కలకే కాదు, పైకీ కిందికీ కూడా కదలడం మొదలుపెట్టింది. అప్పటి సౌండ్ బాక్స్ రికార్డు మీద వంద గ్రాములకు పైగా బరువు మోపేది. ఇప్పటి కార్ట్రిడ్జ్ మోపేది సుమారు 2 గ్రాములే.

1973లో స్కాట్లాండ్‌లో వచ్చిన లిన్ సోండెక్ ఎల్‌పీ12నే చూడండి. పాత పీస్ ఉన్నవాళ్లు ఇప్పటికీ దానికి కొత్త బేరింగ్, కొత్త మోటారు, కొత్త ఆర్మ్ బిగించుకుంటున్నారు. ఐదు దశాబ్దాలుగా అదే టర్న్‌టేబుల్.. కానీ లోపల ఏదీ అది కాదు.

అందుకే టర్న్‌టేబుల్‌కు ఖర్చు పెట్టేముందు ఓ మాట. పార్టులు కొనడానికి ముందు ఉన్నదాన్ని సరిగ్గా సెట్ చేసుకోండి. ప్లాటర్ మట్టంగా ఉందా, సూది బరువు కంపెనీ చెప్పినంతే ఉందా, కార్ట్రిడ్జ్ వంకర పోయిందా చూసుకోండి. ఇవి తప్పితే లక్ష రూపాయల కార్ట్రిడ్జ్ పెట్టినా దండగే. ఎందుకంటే చివరికి అన్ని పార్టులూ పనిచేసేది ఒక్క దాని కోసమే. సూదికీ గాడికీ మధ్య ఉన్న ఆ సంబంధం కోసం.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. రికార్డు మీదున్న గాడే సూదిని పట్టుకుని అంచు నుంచి మధ్యకు నడిపిస్తుంది. మామూలు టర్న్‌టేబుల్ అయినా, కోటి రూపాయలదైనా పాట నడిచే దారి ఇంకా అదే. మోటారు జాన్సన్‌ది. లక్క మనది. మార్కెట్ విక్టర్‌ది. ఆ దారి మాత్రం బెర్లినర్‌దే. దాన్ని ఏ కోర్టూ ఆయన దగ్గర్నుంచి తీసుకోలేకపోయింది.